పొడి బెరడు

మా చెల్లెలు సైమా బుద్ధెరిగాక నా మాట విన్న పాపాన పోలేదు. అలాంటి మనిషి మార్చి నెలలో ఫోన్ చేసి, "అక్కా, నువ్వొచ్చి కౌకో ఇంట్లో నాలుగు రోజులుండు. అన్నీ నీ కళ్ళతో చూడు. నా ఫ్లాట్ కొంటామన్న కొత్తగా పెళ్ళైన పిల్లలు సోమవారానికల్లా మాట చెప్పమంటున్నారు. అమ్మేసి ఇక్కడికి వచ్చెయ్యనా, మానెయ్యనా? నువ్వేం చెబితే అదే" అంది. నేను ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, అవతల ఉన్నది నిజంగా సైమాయేనా అని పేరు చూసుకున్నాను.

ఈ కౌకో ఆమెకి పోయిన వేసవిలో డాన్సుల పందిట్లో తగిలాడు. అరవై దాటినవాడు, కానీ నడుం ఇంకా నిటారుగా ఉంటుంది, గొంతు బావుంటుంది. రోవనియెమి పట్టణానికి ఉత్తరాన, బస్సు ఆగే ఆఖరి చోటు కూడా దాటాక, సరస్సు గట్టున కలప ఇంట్లో ఒక్కడే ఉంటాడు. సైమా భర్త ఆర్వో పోయి మూడేళ్ళయింది. పట్నంలో ఆమెకి లైబ్రరీలో ఉద్యోగం, రెండు గదుల ఫ్లాట్, కిటికీలో పూలకుండీలు. అవన్నీ వదిలేసి ఈ అడవిలోకి వచ్చి పడదామనుకుంటోంది. అమ్మేశాక మళ్ళీ కొనుక్కునే తాహతు లేదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

సరే అని వెళ్ళాను. తలుపు తీయగానే వాసన కొట్టింది. తడి మేజోళ్ళు, చేప జిగురు, పాత నెయ్యి, కుక్క. కుక్క చచ్చిపోయి రెండేళ్ళయిందట, వాసన మాత్రం ఇంకా బతికే ఉంది. పొయ్యి మీద తాడుకి వేలాడుతున్న మేజోళ్ళ నుంచి నీళ్ళు కాఫీ గిన్నె మూత మీద ఒక్కో చుక్కా పడుతున్నాయి. సింకులో చేప పేగులు. గిన్నెలు తుడిచే గుడ్డని నేను రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తితే అది వంగలేదు, అట్టముక్కలా నిలబడింది. ఛీ! ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి బట్టలుతికే చోట పనిచేసినదాన్ని, నాకు మురికి కొత్త కాదు. కానీ అక్కడ మురికి ఉతకడానికి వచ్చేది. ఇక్కడ కాపురం పెట్టింది.

"రండి వదినా, రండి! కాఫీ తాగుతారా?" అంటూ కౌకో రెండు చేతులూ చాపి ఎదురొచ్చాడు.

పెళ్ళి కాలేదు, పెళ్ళి మాట తేలనూ లేదు, అప్పుడే వదిన! ఒళ్ళు మండింది. అయినా కప్పు అందుకున్నాను. అడుగున ఏదో నల్లగా ముద్దగా కనబడింది. పెదవి కింద పెట్టుకుని నమిలిన పొగాకు.

"అయ్యో, అది నా కప్పు వదినా! పొరపాటున ఇచ్చాను" అని ఆ ముద్దని వేలితో తీసి పొయ్యిలో విదిలించి, కప్పుని చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ నా చేతికే ఇచ్చాడు. కప్పు బల్ల మీద పెట్టేశాను. సైమా గోడకి తిరిగి భుజాలు ఊగిపోయేలా నవ్వుతోంది.

ఇక మరుగుదొడ్డి సంగతి చెబితే అన్నం సహించదు, కానీ చెప్పకపోతే నా బాధ తీరదు. అది పెరట్లో, మంచులో, చెక్కల గది. మాకందరికీ అలాంటివి అలవాటే. చలికాలంలో కింద పడ్డది పడ్డట్టు గడ్డకట్టి, ఒకదాని మీద ఒకటి పేరుకుని, కోసుగా పైకి లేస్తుంది. అందుకే బుద్ధున్నవాళ్ళు వారానికోసారి కొట్టి పడేస్తారు. ఈ మహానుభావుడు క్రిస్మస్ నుంచి ముట్టుకోలేదు. నేను చెక్క మూత ఎత్తేసరికి అది గోపురంలా లేచి సరిగ్గా కూర్చునే చోటి దాకా వచ్చి ఉంది. మూత వదిలేసి కేక పెట్టాను.

"వదినా, మూల గునపం ఉంది చూడండి! కూర్చునే ముందు దానికి ఒక్కటి తగిలించండి, కూలిపోతుంది!" అని వాకిట్లోంచి అరిచాడు కౌకో, ఏదో వంట చిట్కా చెబుతున్నట్టు.

తగిలించాను. వేరే దారేముంది? ఒక ముక్క ఎగిరి నా బూటు మీద పడింది. ఆ బూట్లు నేను మళ్ళీ వేసుకోలేదు. సైమా పాత బూట్లు తీసుకున్నాను.

ఆ సాయంత్రం ఆవిరిస్నానాల సౌనాలో, వేడి రాళ్ళ మీద నీళ్ళు చల్లుకుంటూ ఇద్దరమే కూర్చున్నప్పుడు అడిగేశాను. "నీకేమైనా మతి పోయిందా సైమా? వీడితోనా? ఈ పెంటలోనా?"

"మురికే కదక్కా, కడిగితే పోతుంది."

"ఎవరు కడుగుతారు? వీడా?"

"నేనే కడుగుతాను, వాడు నీళ్ళు మోస్తాడు" అని సైమా నుదుటి చెమట తుడుచుకుంది. తర్వాత అంది, "ఆర్వో ఉన్నప్పుడు నా ఇంటి నేల ఎలా ఉండేదో గుర్తుందా? మొహం కనిపించేది. తువాళ్ళు కూడా ఇస్త్రీ చేసి పెట్టేదాన్ని. ఆయనకి కోపమొస్తే నెలల తరబడి నాతో మాట్లాడేవాడు కాదు. ఎందుకు కోపమో కూడా చెప్పేవాడు కాదు. ఆ శుభ్రమైన ఇంట్లో నేను గోడలతో మాట్లాడుకునేదాన్ని. ఇక్కడ పొద్దున్న లేచేసరికి కౌకో పాట పాడుతూ ఉంటాడు. నా అరికాళ్ళు చల్లగా ఉన్నాయని వొళ్ళో పెట్టుకుంటాడు. నాకింకేం కావాలి చెప్పు?"

నేను రాళ్ళ మీద ఇంకో చెంబుడు నీళ్ళు పోశాను. ఆర్వో సంగతి నాకింత తెలియదు. చెల్లెలి మీద జాలేసింది, కానీ ఆ గిన్నెల గుడ్డ తలుచుకుంటే అసహ్యం ఎక్కడికీ పోలేదు.

శనివారం ఎండ కాసింది. సరస్సు దాటి, కొండ వారగా మంచులో స్కీల మీద జారుకుంటూ వెళ్ళి, అడవిలో ఉన్న తాళం లేని గుడిసెలో భోజనం చేసి వద్దామని కౌకో అన్నాడు. ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. ఇంట్లో దున్నపోతే గానీ బయట అడుగు పెట్టాక ఆ మనిషి వేరు. బయల్దేరే ముందు పక్కింటి ముసలాయనకి ఫోన్ చేసి ఎటు వెళ్తున్నామో, చీకటి పడేలోగా రాకపోతే ఏం చెయ్యాలో చెప్పాడు. సరస్సు మీద ముందు తనే వెళ్తూ చేతికర్రతో పొడిచి చూసుకున్నాడు.

"పైన మంచు చూసి మోసపోకండి వదినా. కింద గడ్డకీ ఈ మంచుకీ మధ్య నీళ్ళూరి ఉంటాయి. కాలు దిగితే బూటు నిండిపోద్ది, ఈ చలికి కాలు కొయ్యబారిపోద్ది. వాగు కలిసే చోటికి అసలు పోకండి. నా గీతలోనే రండి."

అతని గీతలోనే వెళ్ళాం. మధ్యమధ్యలో ఆగి సైమా బుగ్గలు తెల్లబడ్డాయేమో చూసి, అరచేత్తో రుద్దాడు. నా మొహం కూడా చూసి, "మీకు భయం లేదు వదినా, మీ కోపానికే వేడిగా ఉంటారు" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను. దున్నపోతు అయితేనేం, మాటకారి.

గుడిసె చేరేసరికి మిట్టమధ్యాహ్నం. మా ఉత్తరాన ఇలాంటి గుడిసెలు చాలా ఉన్నాయి. ఎవరైనా రావచ్చు, ఎవరైనా పడుకోవచ్చు. కాపలా లేదు, అడిగేవాడు లేడు. ఒకే ఒక్క మర్యాద: వెళ్ళేముందు పొయ్యి పక్కన చీల్చిన కట్టెలు, సన్నగా చెక్కిన పుల్లలు, కాస్త పొడి బెరడు పెట్టి పోవాలి. తర్వాత వచ్చేవాడు ఏ స్థితిలో వస్తాడో ఎవరికి తెలుసు? వేళ్ళు బిగుసుకుపోయినవాడు గొడ్డలి పట్టలేడు. అగ్గిపుల్ల గీస్తే చాలు అంటుకునేలా ఉండాలి. మా అమ్మ మాకు ప్రార్థన కన్నా ముందు ఇది నేర్పింది.

ఎవరో పుణ్యాత్ముడు చక్కగా సర్దిపెట్టి వెళ్ళాడు. కట్టెలు ఒక వరస, పుల్లలు ఒక కట్ట, దాని మీద చుట్టలు చుట్టిన తెల్లటి బిర్చ్ చెట్టు బెరడు. చూస్తేనే ప్రాణానికి హాయి. కౌకో ఒక్క అగ్గిపుల్లతో అంటించాడు. అంతటితో ఆగాడా? కట్టెల మీద కట్టెలు వేశాడు. సాసేజీలు కాల్చాడు, కాఫీ కాచాడు, నీళ్ళకోసం గొడ్డలి పట్టుకుని వాగు దగ్గరికి పోయి మంచుగడ్డ పగలగొట్టాడు, బకెట్టుతో వచ్చాడు, గొడ్డలి లేకుండా వచ్చాడు. గుడిసె కొలిమిలా అయిపోతే తలుపు బార్లా తెరిచాడు. బయట అంత చలి, లోపల పొయ్యి భగభగ, తలుపు తెరిచి! కట్టెల వరస అలా అలా తరిగిపోయి ఆఖరికి నేల కనబడింది. సాసేజీ నూనె చేతుల్ని బల్లకి తుడిచాడు, పొగాకు ఉమ్ము పొయ్యి మూల ఊశాడు.

బయల్దేరేటప్పుడు మిగిలిన బెరడు చుట్టలూ పుల్లల కట్టా తీసి తన సంచీలో కుక్కుకుంటున్నాడు.

"అదేంటయ్యా?" అన్నాను.

"ఇంత మంచి బెరడు ఎక్కడ దొరుకుద్ది వదినా? సాయంత్రం సౌనా అంటించుకోడానికి పనికొస్తాయి."

"తర్వాత వచ్చేవాళ్ళకో?"

"ఇంకెవరొస్తారు? ఈ వారం సెలవులైపోయాయి. వచ్చినా పక్కన కట్టెల కొట్లో దుంగలున్నాయిగా, కొట్టుకుంటారు. చేతుల్లేవా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నాలుగు కట్టెలు కొట్టడానికి ఎంతసేపు? గొడ్డలెక్కడ పెట్టావ్? నువ్వు కొట్టకపోతే నేను కొడతాను."

"మీరా? మీరు చుట్టాలు, కూర్చోండి" అని నవ్వుతూ స్కీలు కట్టుకోడానికి బయటికి పోయాడు. నేను లేచేసరికి సైమా నా చెయ్యి పట్టుకుంది.

"వదిలెయ్ అక్కా. ఈ ఒక్క రోజు గొడవ పెట్టుకోకు. మబ్బు కూడా పడుతోంది, పోదాం."

ఆమె కళ్ళలో ఎంత బతిమాలాట ఉందంటే నేను నోరు మూసుకున్నాను. ఎక్కడ నేను 'వద్దు' అనేస్తానో అని ఆమె భయం. లోపల మాత్రం ఉడికిపోయాను. ఇంటి మురికి వాడిష్టం, వాడి ఇల్లు. ఇది అందరి పొయ్యి.

కొండ వారకి వచ్చామో లేదో గాలి మొదలైంది. కాసేపటికి ఆకాశమేదో నేలేదో తెలియకుండా తెల్లటి దుప్పటి కప్పేసింది. నా స్కీల ముందు కొస నాకే కనబడలేదు. కౌకో ఆగాడు. మొండికేసి ముందుకు పోదామంటాడేమో అనుకున్నాను. అనలేదు.

"వెనక్కి" అన్నాడు. "సరస్సు ఇప్పుడు దాటితే వాగు ఎటుందో నాక్కూడా తెలీదు. గుడిసెకి పోయి గాలి తగ్గేదాకా కూర్చుందాం. సైమా, నా నడుం తాడు పట్టుకో. వదినా, మీరు సైమాది పట్టుకోండి."

దారి గుర్తు కర్రల్ని ఒక్కొక్కటీ వెతుక్కుంటూ, రెండోది కనిపించేదాకా మొదటిది వదలకుండా, మమ్మల్ని లాక్కొచ్చాడు. ఆ తాడు పట్టుకుని నడుస్తున్నప్పుడు నా మనసు మారింది. నిజం. వీడి దగ్గరుంటే నా చెల్లెలు ప్రాణాలతో ఉంటుంది, నవ్వుతూ ఉంటుంది, ఇక గిన్నెల గుడ్డదేముంది, కొత్తది కొనిస్తాను అనుకున్నాను. రాత్రికి సైమాతో 'ఊఁ' అని చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను కూడా.

గుడిసె గోడకి ఎవరివో స్కీలు ఆనించి ఉన్నాయి. ఒకటి అప్పటికే జారి మంచులో పడిపోయింది. పొగగొట్టంలో పొగ లేదు.

లోపల ఒక మనిషి పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. నలభై దాటి ఉంటాయి, లావుపాటి మనిషి. నేల నిండా అగ్గిపుల్లలు చెల్లాచెదురు. పొయ్యిలో రెండు దుంగలు, చీల్చనివి, తొక్కతో సహా, వాటి మీద మాడిన కాగితం ముక్కలు. ఒక అగ్గిపుల్లని రెండు మణికట్ల మధ్య పెట్టుకుని గీయడానికి చూస్తున్నాడు. వేళ్ళు పని చేయడం లేదు. మమ్మల్ని చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు.

"క్షమించండి," అన్నాడు. దవడలు కొట్టుకుంటుంటే మాట ముక్కలుముక్కలుగా వచ్చింది. "చోటు... నేను జరుగుతాను. సరస్సు మీద కాలు దిగిపోయింది. రెండు కాళ్ళూ. పొయ్యి... అంటుకోవడం లేదు. గొడ్డలి ఎక్కడా లేదు. కొట్టంతా వెతికాను."

బూట్లు గడ్డకట్టి రాళ్ళలా ఉన్నాయి. సైమా ఒక్క ఉదుటున అతని ముందు కూర్చుని తాళ్ళు కోసేసి బూట్లు లాగింది. కాలివేళ్ళు కొవ్వొత్తుల్లా తెల్లగా ఉన్నాయి. ఆమె ఇక ఆలోచించలేదు, స్వెట్టరూ లోపలి చొక్కా పైకెత్తి ఆ రెండు పాదాల్నీ తన పొట్టకి ఆనించుకుంది. ఆ చల్లదనానికి ఆమె నోట్లోంచి కేక వచ్చింది. నేను అతని చేతులు తీసుకుని నా చంకల్లో పెట్టుకున్నాను. అతని పేరు యల్మారి అనీ, దక్షిణాన తుర్కు నుంచి వచ్చాడనీ, అక్కడ రొట్టెల బట్టీ నడుపుతాడనీ ఆ వణుకులోనే చెప్పాడు. ఆ వేళ్ళతోనే రోజూ పిండి పిసుకుతాడన్నమాట.

"కౌకో," అంది సైమా తలెత్తకుండా, "గొడ్డలి."

కౌకో గుడిసె మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. ఖాళీ నేల, దుంగలు, అగ్గిపుల్లలు. చూసి, తల అడ్డంగా ఊపి, బిగ్గరగా అన్నాడు, "చూశారా! ఏం మనుషులండీ! ఒక్క పుల్ల కూడా మిగల్చకుండా తగలేసి పోయారు. సిగ్గూ శరం ఉండక్కర్లేదా? ఈ సెలవులకొచ్చే గుంపులున్నారే, వీళ్ళని అడవిలోకి రానివ్వకూడదు. వీళ్ళ వల్ల ఎవరి ప్రాణమైనా పోతే ఎవడిది పూచీ?"

నేను గుడ్లప్పగించి చూశాను. అబద్ధమాడేవాడి మొహంలో కాస్త తడబాటైనా ఉంటుంది కదా. లేదు. నిజంగానే కోపం వచ్చినవాడిలా మెడ నరాలు ఉబ్బాయి. యల్మారి తల దించుకుని, "మా దక్షిణాది వాళ్ళే అయి ఉంటారు. మాకు పద్ధతి తెలీదు. క్షమించండి" అన్నాడు. చేయని తప్పుకి, చేసినవాడికే క్షమాపణ!

సైమా ఆ పాదాలు వదల్లేదు. "గొడ్డలి తీసుకురా" అని మాత్రం మళ్ళీ అంది.

కౌకో బయటికి పోయి రెండు నిమిషాల్లో గొడ్డలితో వచ్చాడు. దాని మీద మంచు దులుపుతున్నాడు.

"ఇదెక్కడ దొరికింది మీకు?" అన్నాడు యల్మారి ఆశ్చర్యంగా. "నేను అంతటా చూశానే!"

"వాగు దగ్గర. మంచులో కూరుకుపోయి ఉంది."

"అక్కడుంటుందని ఎలా తెలిసింది?"

"అనుభవం బాబూ," అన్నాడు కౌకో. "ఇలాంటి వెధవలు ఎక్కడ పారేస్తారో మాకు తెలుసు."

నా నోరు తెరుచుకుంది. సైమా నా వైపు ఒక్క చూపు చూసింది, మాట్లాడొద్దన్నట్టు. మధ్యాహ్నం బతిమాలిన చూపు కాదు ఇది. ఆమె ఎదురుచూస్తోంది. ఇప్పుడైనా చెబుతాడు, ఇప్పుడైనా చెబుతాడు అని.

దుంగని నాలుగు దెబ్బల్లో చీల్చాడు. ఆ చేతుల్లో గొడ్డలి ఆడిన తీరు చూసి తీరాల్సిందే, అంత నేర్పు. తర్వాత సంచీ తెరిచి బెరడు చుట్ట ఒకటి తీశాడు. తెల్లటి, పొడి పొడి బెరడు. ఒక్క అగ్గిపుల్ల. మంట లేచింది. యల్మారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీరు బెరడు వెంట తెచ్చుకుంటారా! ఉత్తరాది మనిషంటే ఇలా ఉండాలి. మీరు రాకపోతే నా వేళ్ళు... మీ రుణం తీర్చుకోలేనండీ."

నేను కౌకో మొహం వైపు చూశాను. ఇంత మాట విన్నాక రాయైనా కరుగుతుంది కదా?

"భలేవాడివే! ఎవడైనా చేస్తాడు" అన్నాడు కౌకో, అతని వీపు తట్టి. పొంగిపోతున్నాడు. పొగాకు ముద్ద ఒకటి పెదవి కింద దోపుకుని, సైమా పొట్ట మీదున్న పాదాల వైపు చూసి కన్ను కొట్టాడు. "మా ఆవిడ పొట్ట కూడా ఎవరికి పడితే వాళ్ళకి దొరకదు, అదృష్టవంతుడివి!"

థూ. మరుగుదొడ్డిలో గునపం పట్టుకుని నిలబడ్డప్పుడు కూడా నాకింత రోత పుట్టలేదు. ఆ గునపంతో కొట్టినదైనా మనిషి ఒంట్లోంచి వచ్చిన మామూలు సరుకు. ఇది వేరే. దొంగిలించిన బెరడుతో దానం చేసి, దండం పెట్టించుకోవడం! అదే నోటితో పొద్దున్న సైమాని పాటలు పాడి నిద్ర లేపుతాడు.

యల్మారి కాళ్ళకి నెత్తురు తిరిగింది. ఆ నొప్పికి పాపం పిల్లాడిలా మూలిగాడు. వేళ్ళు తెలుపు పోయి ఎర్రబడ్డాయి, వాచాయి. బతికాయి. సైమా అతని పాదాలకి తన పొడి మేజోళ్ళు తొడిగి, చొక్కా సర్దుకుని లేచి నిలబడింది. ఆమె మొహంలో రంగు లేదు.

బయట గాలి దానంతట అదే ఆగిపోయింది. కిటికీలోంచి కొండ మళ్ళీ కనబడుతోంది, దాని మీద సాయంత్రపు ఎండ. కౌకో కాఫీ గిన్నె కడగకుండానే మళ్ళీ పొయ్యి మీద పెట్టి, పడుకునే బల్ల మీద కాళ్ళు చాపాడు.

"పక్కింటి ముసలాయనకి ఫోన్ చేసి చెబుతాను, ఈ రాత్రికి ఇక్కడే పడుకుందాం. మళ్ళీ అంత దూరం ఎవరు పోతారు? నలుగురికి సరిపోద్ది."

"సంచీలో మిగిలినవి కూడా తియ్యి" అంది సైమా.

"ఏంటి?"

"బెరడు. పుల్లల కట్ట. మధ్యాహ్నం ఈ పొయ్యి పక్క నుంచి తీసుకున్నవి. తీసి మళ్ళీ అక్కడ పెట్టు."

కౌకో నవ్వబోయాడు. యల్మారిని చూశాడు, నన్ను చూశాడు. "ఏంటి సైమా, పరాయివాళ్ళ ముందు..."

"తియ్యి."

సంచీ మూతి విప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. ఒకటి, రెండు, మూడు చుట్టలు. తర్వాత పుల్లల కట్ట. ఒక్కోటీ తీసి పొయ్యి పక్కన పెట్టాడు. యల్మారి ఆ బెరడు వైపు చూశాడు, మంచు కరిగి కారుతున్న గొడ్డలి వైపు చూశాడు, తర్వాత వాచిన తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. చూపు పక్కకి తిప్పుకున్నాడు. మర్యాదస్తుడు.

"నేనూ ఇక్కడే ఉన్నానండీ," అంది సైమా అతనితో. "అక్క కట్టెలు కొడతానంటే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. మీరు కృతజ్ఞత చెప్పాల్సినవాళ్ళు ఇక్కడెవరూ లేరు."

"చిన్న విషయాన్ని ఇంత చేస్తావా?" అన్నాడు కౌకో. గొంతులో పాట లేదు. "మనిషి బతికాడుగా! నేనేగా పొయ్యి వెలిగించింది!"

"లే కౌకో. నువ్వు వెళ్ళాలి."

"ఎక్కడికి? నలుగురికి చోటుందంటున్నాగా!"

ఈ గుడిసెల్లో ఇంకో మర్యాద ఉంది, మా ఊళ్ళలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. చివర వచ్చినవాడిదే ముందు హక్కు. ముందొచ్చి, తిని, వెచ్చబడి, విశ్రాంతి తీసుకున్నవాడు చోటు చాలకపోతే లేచి దారి పట్టాలి. ఎందుకంటే చివర వచ్చినవాడే ఎక్కువ అలసిపోయి ఉంటాడు.

"నువ్వు మధ్యాహ్నమే వచ్చావు," అంది సైమా. "తిన్నావు. వెచ్చబడ్డావు. చోటు లేదు."

"బల్ల సగం ఖాళీగా..."

"లేదు కౌకో. చోటు లేదు."

అతను నా వైపు తిరిగాడు. నేను తలుపు తీసి పట్టుకున్నాను. "గాలి తగ్గింది. గుర్తు కర్రలన్నీ కనబడుతున్నాయి. వెలుగుండగానే బయల్దేరు" అన్నాను. గుడిసెలో వేడంతా పోతున్నా తలుపు వెయ్యలేదు.

స్కీలు కట్టుకుంటూ ఏదో గొణిగాడు, నాకు వినబడలేదు, వినాలని లేదు కూడా. నేరుగా సరస్సు వైపు పోయాడు.

సైమా రంపం తీసుకుని కొట్లోకి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. దుంగకి రెండు వైపులా నిలబడి కోస్తుంటే ఆమె చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "సోమవారం ఆ పిల్లలకి అమ్మనని చెప్పేస్తానక్కా" అంది. నేను ఊఁ అన్నాను. గెలిచినట్టేమీ అనిపించలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత నవ్విన మనిషి, మళ్ళీ ఆ గోడల దగ్గరికే పోతోంది.

యల్మారి గోడ పట్టుకుని మెల్లగా గుమ్మం దాకా వచ్చాడు. సరస్సు మీద చిన్న చుక్కలా పోతున్న కౌకోని చూసి కంగారు పడ్డాడు.

"నీళ్ళూరిన చోటు అటే ఉందమ్మా, నేను దిగిపోయింది అక్కడే. ఆయన ఒక్కడే... జాగ్రత్తగా వెళ్ళగలడా?"

సైమా రంపం ఆపలేదు.

"మీరేం భయపడకండి," అంది. "తనొక్కడి సంగతి చూసుకోవడం ఆయనకి బాగా తెలుసు."